బెంచీ మీద ఎవరు? భారత ఫుట్‌బాల్ కోచ్ చర్చకు డెబ్బై అయిదేళ్ల లెక్క

2025 జూలైలో భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్ కావాలని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ప్రకటన ఇస్తే 170 దరఖాస్తులు వచ్చిపడ్డాయి. అందులో బార్సిలోనా మాజీ కోచ్ చావి పేరు కూడా ఉందన్న వార్త పొక్కగానే అభిమానులు రెండుగా చీలిపోయారు. ఆయన వస్తే మన ఆట తీరే మారిపోతుందని సంబరపడ్డవాళ్లు ఒకవైపు, ఆయనకిచ్చే జీతంతో ఊరూరా అకాడమీలు పెట్టొచ్చని లెక్కలు కట్టినవాళ్లు మరోవైపు. ఒకటి రెండు రోజుల్లోనే అసలు సంగతి బయటపడింది. చావి పేరుతోనూ, పెప్ గార్డియోలా పేరుతోనూ వచ్చిన మెయిళ్లు అసలువి కావని సమాఖ్యే ప్రకటించింది.

నవ్వుకుని వదిలేయదగ్గ ఉదంతమే. కానీ మన కోచ్ చర్చ నడిచే తీరు అందులో మొత్తం ఉంది. పేరు వినబడగానే వాదన మొదలవుతుంది. వచ్చినాయన చేయాల్సిన పనేమిటి, దానికి ఎన్ని రోజులు దొరుకుతాయి, చేతికి ఎలాంటి ఆటగాళ్లు వస్తారు అన్న ప్రశ్నలు వాదన చల్లారాక గానీ గుర్తుకు రావు. అప్పటి హెడ్ కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను తొలగించిన 2024 జూన్ నుంచి ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో ఓడిన 2025 నవంబరు దాకా ఈ చర్చ మూడుసార్లు రాజుకుంది. మూడుసార్లూ దాదాపు అవే వాదనలు. వాటిలో ఏది ఎంతవరకు నిలుస్తుందో మన జట్టు చరిత్రతోనూ, ఆసియాలో ఇతరుల అనుభవంతోనూ సరిచూసుకోవాల్సిన సమయం ఇది.

మూడు పేర్లు, మూడు పక్షాలు

ఐ.ఎం. విజయన్ అధ్యక్షతన ఉన్న సాంకేతిక కమిటీ ఆ 170 దరఖాస్తులను వడబోసి చివరికి మూడు పేర్లు మిగిల్చింది. అభిమానుల్లో ఉన్న మూడు పక్షాలకూ ఒక్కో ప్రతినిధి దొరికినట్టయింది.

మొదటిది స్టీఫెన్ కాన్‌స్టంటైన్. ఇంగ్లండ్‌కు చెందిన ఈయన అప్పటికే రెండు విడతలు భారత జట్టును నడిపారు. తెలిసిన మనిషి, ఇక్కడి ఎండా వానా, క్లబ్బుల రాజకీయం అన్నీ ఎరిగినవాడు, ఒకసారి ఫలితం చూపించాడు కాబట్టి మళ్లీ ఆయననే పిలవండి అన్నది ఈ పక్షం మాట. రెండో పేరు స్లొవేకియాకు చెందిన స్టెఫాన్ టార్కోవిచ్. యూరో 2020 టోర్నీలో సొంత దేశాన్ని, ఆ తర్వాత కిర్గిజ్‌స్తాన్‌ను నడిపిన అనుభవం ఉన్నవారు. పాత ముఖాలతో విసిగి, కొత్త విదేశీ చూపు కావాలనుకునేవారు ఈయన వెంట నిలిచారు. మూడో పేరు ఖాలిద్ జమీల్. 2016–17లో ఎవరూ లెక్కలోకి తీసుకోని ఐజ్వాల్ ఎఫ్‌సీని ఐ-లీగ్ విజేతగా నిలబెట్టిన కోచ్. స్వదేశీ పక్షానికి ఆయనే జెండా.

ఆగస్టు 1న సమాఖ్య ఖాలిద్‌ను ఎంచుకుంది. 2012లో సావియో మెడీరా తప్పుకున్నాక పదమూడేళ్లకు మళ్లీ ఒక భారతీయుడు పూర్తిస్థాయి కోచ్ అయ్యారు. చర్చ ముగిసిందనుకున్నారు. మూడు నెలలు తిరగకముందే ఆసియా కప్ దారి మూసుకుపోయింది, చర్చ మళ్లీ మొదటికొచ్చింది.

రహీమ్ సాబ్ కొలమానం

భారత కోచ్ గురించి ఎవరు మాట్లాడినా చివరికి హైదరాబాద్ చేరక తప్పదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1950 నుంచి 1963లో చనిపోయేదాకా జాతీయ జట్టును నడిపారు. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ మూడింటికీ సాటి వచ్చేది ఆ తర్వాత మనకు దక్కలేదు. జకార్తాలో స్టేడియమంతా మన జట్టుకు వ్యతిరేకంగా హోరెత్తుతుంటే, ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్ కొట్టాడు. రెండోది కొట్టిన జర్నైల్ సింగ్ అసలు డిఫెండర్. తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డ ఆ మనిషిని ఫార్వర్డ్‌గా దింపడం రహీమ్ ఎత్తు. అప్పటికే క్యాన్సర్ ఆయనను తినేస్తోంది. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా ఈ ఘట్టాన్ని కొత్త తరానికి తెలిపింది.

స్వదేశీ పక్షం రహీమ్‌ను తన తిరుగులేని సాక్షిగా నిలబెడుతుంది. సాక్ష్యం నిజమే, కానీ అది రుజువు చేసేది వేరే విషయం. రహీమ్ జాతీయ జట్టుకు మాత్రమే కోచ్ కారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దింది ఆయనే. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టది. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా స్థానిక పోటీల రూపురేఖలూ ఆయన చేతిలోనే ఉండేవి. బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో ఒక టోర్నీ, డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో మరొకటి పెట్టించేవారు. స్వతహాగా బడిపంతులు కాబట్టి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు. పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరామ్, యూసుఫ్ ఖాన్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటివాళ్లు ఆ మట్టిలోంచి వచ్చి భారత జట్టు ఎక్కినప్పుడు వాళ్లకు కోచ్ కొత్త కాదు, ఆయన ఆట భాషా కొత్త కాదు.

అంటే రహీమ్ విజయం వెనక రెండు అంశాలున్నాయి. ఒకటి, పదమూడేళ్ల నిరంతరాయమైన కాలం. రెండు, ఆటగాళ్లు తయారయ్యే చోటు మీద కూడా కోచ్‌కు పట్టు ఉండడం. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆయన జట్టే యుగోస్లావియా చేతిలో 1–10తో ఓడింది. ఈ రోజుల్లో అంతటి ఓటమి ఎదురైతే విమానం దిగేలోపే కోచ్ పదవి పోతుంది. ఆ రోజు ఆయనను కొనసాగించారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. ఆయన భారతీయుడు కావడం ఎంత ముఖ్యమో, ఆయనను కొనసాగనివ్వడం అంతకన్నా ముఖ్యం.

విదేశీ పక్షం చూపే లెక్క

విదేశీ కోచ్ కావాలనేవాళ్ల చేతిలో ఒక గట్టి లెక్క ఉంది. భారత్ ఇప్పటిదాకా అయిదు ఆసియా కప్‌లు ఆడింది: 1964, 1984, 2011, 2019, ఇక 2023 పేరుతో 2024 జనవరిలో జరిగినది. అయిదింటిలోనూ బెంచీ మీద విదేశీయులే. హ్యారీ రైట్, మిలోవాన్ చిరిచ్, బాబ్ హౌటన్, కాన్‌స్టంటైన్, స్టిమాచ్. స్వదేశీ కోచ్‌తో ఒక్క ఆసియా కప్ కూడా ఆడలేదు.

చూడగానే వాదన ముగిసినట్టే అనిపిస్తుంది. లోతుకు వెళ్తే అంత సులువు కాదు. 1964లో మనం అర్హత పోటీలు ఆడకుండానే చేరాం, మిగతా దేశాలు తప్పుకున్నాయి కాబట్టి. నాలుగు జట్ల టోర్నీలో రన్నరప్‌గా నిలిచాం. 2011కు దారి ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్ గుండా దొరికింది. 2008లో హైదరాబాద్, ఢిల్లీ వేదికలుగా జరిగిన ఆ టోర్నీ ఫైనల్లో సునీల్ ఛెత్రీ హ్యాట్రిక్‌తో తజికిస్తాన్‌ను 4–1తో ఓడించాం. అది ఆసియాలోని చిన్న జట్ల కోసం పెట్టిన పోటీ. 2019 నాటికి ఆసియా కప్ 24 జట్లకు పెరిగింది. తలుపు వెడల్పయినప్పుడు లోపలికి వెళ్లినవాళ్ల ఎత్తును అంచనా కట్టడం కష్టం.

అయినా ఈ కోచ్‌ల పనిని తీసిపారేయలేం. 1979లో స్వీడన్ క్లబ్బు మాల్మోను యూరోపియన్ కప్ ఫైనల్‌కు చేర్చిన హౌటన్ ఇక్కడ రెండు నెహ్రూ కప్‌లు గెలిపించారు. కాన్‌స్టంటైన్ రెండో విడత మొదలైనప్పుడు 173వ ర్యాంకులో ఉన్న జట్టు 2017 జూలైలో 96కు చేరింది. 2019 జనవరిలో థాయిలాండ్‌ను 4–1తో ఓడించడం ఈ తరం అభిమానులకు తీపి గుర్తు. స్టిమాచ్ తొలి నెలల్లోనే ఆసియా విజేత ఖతార్‌ను దోహాలో 0–0తో నిలువరించారు, 2023లో జట్టును మళ్లీ మొదటి వందలోకి తెచ్చారు.

ముగ్గురి కథల ముగింపూ ఒకేలా ఉంటుంది. ఆసియా కప్ వేదిక ఎక్కగానే కింద పడ్డాం. 2011లో హౌటన్ జట్టు మూడు మ్యాచ్‌లలో 13 గోల్స్ ఇచ్చుకుంది. 2019లో బహ్రెయిన్ చేతిలో ఆఖరి నిమిషాల పెనాల్టీతో ఓడి కాన్‌స్టంటైన్ ఆ రాత్రే రాజీనామా చేశారు. 2024 జనవరిలో స్టిమాచ్ జట్టు మూడు మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కూడా కొట్టలేదు. దక్షిణాసియాలో గెలవడానికీ, ఆసియాలో నిలబడడానికీ మధ్య ఉన్న అగాధాన్ని కోచ్‌లు ఎవరూ దాటించలేదు. దిగువ జట్లను ఓడించి పెంచుకున్న ర్యాంకు ఆ అగాధాన్ని కప్పిపుచ్చింది, అంతే.

పెరటి చెట్టు

స్వదేశీ పక్షం కోపానికి మరో కారణం ఉంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, మన కోచ్‌లకు పెద్ద లీగ్‌లో పని నేర్చుకునే అవకాశమే ఇవ్వలేదు. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) 2014లో మొదలైంది. ఒక క్లబ్బు తొలిసారి భారతీయుణ్ణి పూర్తిస్థాయి హెడ్ కోచ్‌గా నియమించింది 2021లో. నార్త్ఈస్ట్ యునైటెడ్‌లో ఆ అవకాశం దక్కింది ఖాలిద్‌కే, అదీ మధ్యలో బాధ్యతలు తీసుకుని జట్టును ప్లేఆఫ్‌కు చేర్చాక. హైదరాబాద్ ఎఫ్‌సీ 2023–24లో తాంగ్‌బోయ్ సింగ్తోకు పగ్గాలప్పగించింది. ఆ సీజన్‌లోనే క్లబ్బు అప్పుల్లో కూరుకుపోయి, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయి, జట్టులో కుర్రాళ్లు మిగిలారు. సీజన్ మొత్తానికి ఒకే ఒక్క గెలుపుతో జట్టు అట్టడుగున నిలిచింది. భారతీయ కోచ్‌లకు పని దొరికేది తరచూ ఇలాంటి ఇళ్లలోనే. అక్కడి ఫలితాలు చూపించి వాళ్లకు సత్తా లేదనడం న్యాయం కాదు.

అలాగని సానుభూతి అర్హతగా మారదు. ఖాలిద్ ఆట తీరు మీద విమర్శలు ఊరికే రాలేదు. రక్షణను బిగించి, బంతిని ప్రత్యర్థికి వదిలి, కౌంటర్ ఎటాక్, సెట్ పీస్‌ల మీద ఆధారపడే పద్ధతి ఆయనది. జంషెడ్‌పూర్ క్లబ్బులో అది పనిచేసింది. 2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో సెంట్రల్ ఆసియా దేశాల నేషన్స్ కప్‌లోనూ పనిచేసింది. తజికిస్తాన్‌ను వాళ్ల గడ్డ మీదే 2–1తో ఓడించి, మూడో స్థానం కోసం ఒమన్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించారు. గెలవక తప్పని మ్యాచ్ వచ్చేసరికి ఆ పద్ధతి బలహీనత బయటపడింది. అక్టోబరు 14న గోవాలో ఛాంగ్తే గోల్‌తో ముందంజ వేసి కూడా సింగపూర్ చేతిలో 1–2తో ఓడాం. 2027 ఆసియా కప్ ఆశ అక్కడితో ముగిసింది. నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0–1 ఓటమి. 2003 తర్వాత ఆ జట్టు చేతిలో ఓడడం అదే మొదటిసారి. సింగపూర్ మ్యాచ్‌లో ఆధిక్యం దొరికాక ఏం చేయాలో తేల్చుకోలేకపోవడం కోచ్ బాధ్యతే. భారతీయుడన్న కారణంతో దాన్ని మాఫీ చేయనక్కర్లేదు.

మానోలో అనుభవం చెప్పేది

ఈ రెండు పక్షాలకూ ఇబ్బంది కలిగించే ఉదాహరణ మానోలో మార్కెజ్. తెలుగు అభిమానులకు ఆయన బాగా తెలిసినవారు. 2020లో హైదరాబాద్ ఎఫ్‌సీకి వచ్చి, 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను షూటౌట్‌లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు తెచ్చారు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో, మహమ్మద్ యాసిర్ వంటి కుర్రాళ్లను ధైర్యంగా ఆడించిన కోచ్‌గా పేరు పొందారు. విదేశీయుడు, పైగా మన లీగ్ తెలిసినవాడు, యువకులను నమ్మేవాడు. కాగితం మీద ఇంతకంటే తగిన మనిషి లేడు. 2024 జూలైలో భారత జట్టు కోచ్‌గా ఆయన నియామకాన్ని దాదాపు అన్ని పక్షాలూ మెచ్చుకున్నాయి.

ఫలితం? ఎనిమిది మ్యాచ్‌లు, ఒకే గెలుపు, నాలుగు డ్రాలు, మూడు ఓటములు. గెలిచింది మాల్దీవుల మీద. మొదటి మ్యాచ్ గచ్చిబౌలిలో మారిషస్‌తో 0–0. అదే మైదానంలో సిరియా చేతిలో 0–3. నవంబరులో మలేషియాతో అక్కడే 1–1. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0–0, జూన్‌లో హాంకాంగ్ చేతిలో ఆఖరి క్షణాల్లో 0–1. జూలై మొదట్లో ఇరుపక్షాలూ విడిపోయాయి.

అదే మనిషి, అదే దేశం, చాలామటుకు అదే తరం ఆటగాళ్లు. మరి తేడా ఎక్కడ? 2021–22లో హైదరాబాద్ ముందు వరసలో బార్తలోమ్యూ ఒగ్బెచే ఉన్నాడు. ఆ నైజీరియన్ ఒక్కడే ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్నాడు. భారత జట్టుకు ఒగ్బెచే లేడు. 2024 జూన్‌లో రిటైరైన ఛెత్రీని నలభై ఏళ్ల వయసులో మళ్లీ రప్పించుకోవలసి వచ్చింది. మాల్దీవుల మీద అతను గోల్ కొట్టినప్పుడు స్టేడియం ఊగిపోయింది. ఆ గోల్ మన కొరతను కూడా అంతే స్పష్టంగా చూపించింది.

2014 నుంచి 2024–25 దాకా పదకొండు ఐఎస్ఎల్ సీజన్లలో గోల్డెన్ బూట్ ఒక్కసారీ భారతీయుడికి దక్కలేదు. 2024–25లో 14 గోల్స్‌తో భారతీయుల్లో మొదటి స్థానం మళ్లీ ఛెత్రీదే. క్లబ్బులు గెలవడానికి విదేశీ స్ట్రైకర్‌ను కొంటాయి, అందులో తప్పు లేదు. కానీ వారం వారం ఆ చోటు వేరొకరిదైతే, జాతీయ జట్టుకు వచ్చిన భారతీయ ఫార్వర్డ్ గోల్ ముందు పరాయివాడిలా నిలబడతాడు. ఏ కోచ్ అయినా పది రోజుల క్యాంపులో దీన్ని సరిచేయలేడు.

ఇతర దేశాల అనుభవం

కోచ్ చర్చలో తరచూ వినబడే మాట, ప్రపంచకప్‌ను ఎన్నడూ విదేశీ కోచ్ గెలవలేదని. 1930 నుంచి 2022 దాకా ఇది నిజం. కానీ ఆ కప్పు గెలిచిన దేశాలు ఎనిమిదే, అన్నిటికీ సొంత ఆట సంప్రదాయం ఉంది. మనతో పోల్చదగ్గది ఆసియా.

జపాన్ ఆసియా కప్‌ను నాలుగుసార్లు గెలిచింది. నాలుగుసార్లూ విదేశీ కోచ్‌లతోనే: 1992లో హాన్స్ ఊఫ్ట్, 2000లో ఫిలిప్ ట్రూసియే, 2004లో జీకో, 2011లో జాకెరోని. ఆ కాలంలోనే, 1993లో మొదలైన జె-లీగ్ ఆటగాళ్లతోపాటు కోచ్‌లనూ తయారుచేసింది. 2018లో పగ్గాలు పట్టిన హజిమె మొరియాసు ఆ లీగ్‌లో ఆడి, అక్కడే కోచ్‌గా మూడు టైటిళ్లు గెలిచినవారు. 2022 ప్రపంచకప్‌లో ఆయన జట్టు జర్మనీని, స్పెయిన్‌ను ఓడించింది. విదేశీయులను తెచ్చుకోవడం జపాన్‌కు ఒక దశ. ఆ దశ దాటడానికి కావలసినవి అదే సమయంలో కట్టుకుంది.

ఖతార్ మరో దారి పట్టింది. స్పెయిన్‌కు చెందిన ఫెలిక్స్ సాంచెజ్ 2006లో దోహాలోని ఆస్పైర్ అకాడమీలో చేరి పిల్లలతో పని మొదలుపెట్టారు. 2014లో అండర్-19 ఆసియా టైటిల్ గెలిచిన కుర్రాళ్లతోనే 2019లో సీనియర్ ఆసియా కప్ గెలిచారు. డబ్బు అపారంగా ఉన్నా ఆ దేశం పెద్ద పేరు కోసం కాదు, పదమూడేళ్ల కాలం కోసం ఖర్చు పెట్టింది. ఉజ్బెకిస్తాన్‌లో 2025 జనవరిలో స్రెచ్కో కటానెచ్ అనారోగ్యంతో తప్పుకుంటే, ఒలింపిక్ జట్టును నడిపిన స్వదేశీ కోచ్ తిమూర్ కపాద్జే ఆ స్థానంలోకి వచ్చి జట్టును తొలిసారి ప్రపంచకప్‌కు చేర్చారు. కోచ్ మధ్యలో మారినా బండి ఆగలేదు, ఎందుకంటే ఆ తరాన్ని ఇద్దరూ ఎరుగుదురు.

ఎదురు పాఠం ఇండొనేషియాది. దక్షిణ కొరియా కోచ్ షిన్ తే-యాంగ్ అయిదేళ్లు శ్రమించి నిర్మించిన జట్టును ప్రపంచకప్ అర్హత పోటీలు సాగుతుండగానే 2025 జనవరిలో ఆయన చేతిలోంచి తీసి, డచ్ తార పాట్రిక్ క్లూయివెర్ట్‌కు అప్పగించారు. అక్టోబరులో అర్హత చేజారింది, క్లూయివెర్ట్ వెళ్లిపోయారు. స్టాండ్స్‌లో అభిమానులు షిన్ పేరు అరుస్తూనే ఉన్నారు. ఈ ఒక్క చోట అభిమానుల అంచనా సమాఖ్య అంచనాకన్నా మేలైనదని తేలింది.

కోచ్‌ను మార్చడం వల్ల కలిగే మేలు మీద పరిశోధన కూడా ఉంది. డచ్ ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ 1986 నుంచి 2004 దాకా నెదర్లాండ్స్ లీగ్ ఫలితాలను పరిశీలించారు. కోచ్‌ను మార్చాక జట్లు కోలుకుంటున్నాయి, నిజమే. అంతే దిగజారినా కోచ్‌ను మార్చని జట్లు కూడా దాదాపు అలాగే కోలుకుంటున్నాయి. కొత్త కోచ్ వచ్చిన వెంటనే కనబడే వెలుగులో కోచ్ వాటా మనం అనుకున్నంత లేదు.

చేతిలో ఎన్ని రోజులు

క్లబ్ కోచ్ రోజూ ఉదయం ఆటగాళ్లను చూస్తాడు. జాతీయ కోచ్‌కు ఆ భాగ్యం లేదు. 2025 దాకా ఉన్న ఫిఫా క్యాలెండరులో ఏడాదికి అయిదు విరామాలు, ఒక్కోటి సుమారు పది రోజులు. ప్రయాణాలూ విశ్రాంతీ పోగా మిగిలేది ఎంతో ఊహించుకోవచ్చు. ఆ విరామాల బయట ఆటగాళ్లను విడుదల చేయాల్సిన బాధ్యత సాధారణంగా క్లబ్బులకు లేదు.

దీని ఫలితం పదేపదే చూశాం. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలకు క్లబ్బులు ప్రధాన ఆటగాళ్లను వదల్లేదు. చివరి నిమిషంలో కూర్చిన జట్టు మ్యాచ్ ముందు రోజు చైనాలో దిగి 1–5తో ఓడింది. ఖాలిద్ మొదటి టోర్నీకి మోహన్ బగాన్ తన ఆటగాళ్లను పంపలేదు. దీనికి భిన్నంగా, 2011 ఆసియా కప్‌కు ముందు హౌటన్ నెలల తరబడి జట్టును తన దగ్గరే ఉంచుకోగలిగారు. అప్పటికీ ఆస్ట్రేలియా చేతిలో 0–4, కొరియా చేతిలో 1–4. అంటే రోజులు దొరికితే సరిపోదు, ఆ రోజుల్లోకి వచ్చే ఆటగాళ్లు అప్పటికే తయారై ఉండాలి.

2025లో మరో దెబ్బ తగిలింది. లీగ్ నిర్వాహకులకూ సమాఖ్యకూ మధ్య ఉన్న పదిహేనేళ్ల ఒప్పందం డిసెంబరులో ముగుస్తుండగా, దాని తర్వాత ఏమిటో తేలక జూలైలో ఐఎస్ఎల్‌ను నిలిపేశారు. సింగపూర్, బంగ్లాదేశ్ మ్యాచ్‌లకు మన ఆటగాళ్లు లీగ్ మ్యాచ్‌లు లేకుండానే వచ్చారు. హైదరాబాద్ క్లబ్బు ఆ ఏడాదే ఊరూ పేరూ మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. రహీమ్ ఊరికి ఇప్పుడు ఐఎస్ఎల్ జట్టే లేదు. ఈ పరిస్థితిలో కోచ్ పేరు మీద జరిగే వాదన అసలు జబ్బుకు దూరంగానే తిరుగుతుంది.

విదేశాల్లో ఉన్న భారత సంతతి ఆటగాళ్లను తెచ్చుకోవాలన్న మాట కూడా ఈ కొరతలోంచే పుట్టింది. షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌కు మొదటిసారి ఆడిన హంజా చౌధురీ ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగినవాడు. మన చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు కాబట్టి ఆ దారి ఇరుకు. ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని వచ్చిన రయాన్ విలియమ్స్ వంటివాళ్లు ఒకరిద్దరికి మించి దొరకరు.

ఎంపిక జరిగే తీరు

అభిమానుల కోపం సరిగ్గా తగలాల్సిన చోటు ఇది. స్టిమాచ్ ఒప్పందాన్ని 2023 అక్టోబరులో 2026 దాకా పొడిగించారు. ఎనిమిది నెలలకే తొలగించారు. ముందే తొలగిస్తే ఏమివ్వాలో ఒప్పందంలో తేటగా లేకపోవడంతో పరిహారం రచ్చకెక్కి, చివరికి 4 లక్షల డాలర్లకు సర్దుబాటైనట్టు వార్తలొచ్చాయి. దేశంలో ఒక వయోవర్గం జట్టు ఏడాది ఖర్చుకు పనికొచ్చే సొమ్ము అది.

ఆ తర్వాత 291 దరఖాస్తులు వచ్చాయి. మార్కెజ్‌ను ఎంపిక చేసిన రోజునే భైచుంగ్ భూటియా సాంకేతిక కమిటీకి రాజీనామా చేశారు. కోచ్ ఎంపికలో ఆ కమిటీని పక్కనబెట్టారన్నది ఆయన ఫిర్యాదు. అలా ఎంపికైన కోచ్ తొలి సీజన్ అంతా ఎఫ్‌సీ గోవాకు కూడా కోచ్‌గా కొనసాగారు. తన క్లబ్బు ఆటగాడికి విశ్రాంతి కావాలా, దేశానికి ఆ ఆటగాడు కావాలా అన్న ప్రశ్న వస్తే ఆయన ఏ టోపీ పెట్టుకోవాలి? 2025లో కమిటీ కూర్చుంది, పేర్లు వడబోసింది, ఆ మేరకు మెరుగు. కానీ ఖాలిద్ నుంచి ఏం ఆశిస్తున్నారో, ఎన్నాళ్లలో, ఏ కొలతతో చూస్తారో బయటికి చెప్పలేదు.

మహిళల జట్టు ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. క్రిస్పిన్ ఛెత్రీ శిక్షణలో ఆ జట్టు 2025 జూలైలో థాయిలాండ్‌ను వాళ్ల దేశంలోనే 2–1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య వంటి అమ్మాయిలు ఆ జట్టులో భాగం. అదే సమాఖ్య, అంతకంటే తక్కువ వసతులు, భారతీయ కోచ్. పేరున్న కోచ్ లేడని అక్కడ ఎవరూ ఆందోళన పడలేదు. సాధించాల్సింది ఏమిటో అందరికీ తెలుసు.

తేలిందేమిటి

మూడు పక్షాల వాదనల్లోనూ నిజం ఉంది, ఏదీ మొత్తం నిజం కాదు. విదేశీ కోచ్‌లు మనల్ని ఆసియా కప్ గుమ్మం దాకా తీసుకెళ్లారు, లోపల నిలబెట్టలేకపోయారు. భారతీయ కోచ్‌ల చేతికి సరైన పనిముట్లు ఇచ్చి పరీక్షించింది ఒక్క రహీమ్ విషయంలోనే. పాత మనిషిని మళ్లీ పిలిస్తే పాత ఫలితమే పాత హద్దు దాకా వస్తుంది. జాతీయతను బట్టి కోచ్‌ను ఎంచుకోవడానికి మన చరిత్రలో గానీ, ఆసియా అనుభవంలో గానీ ఆధారం దొరకదు. ఆధారం దొరికేది రెండిటికే: కొనసాగింపు, కుర్రాళ్ల జట్లతో సీనియర్ జట్టుకు ఉండే అనుబంధం.

కాబట్టి తర్వాతి కోచ్ ఎవరైనా, అభిమానులు సమాఖ్యను నిలదీయాల్సిన ప్రశ్నలు మూడు. ఆయన పని ఏమిటి, ఎన్నేళ్లలో దేనికి అర్హత సాధించాలి? ఏడాదికి ఆటగాళ్లు ఆయన దగ్గర ఎన్ని రోజులుంటారు, దానికి క్లబ్బులు సంతకం పెట్టాయా? భారతీయ స్ట్రైకర్‌కు లీగ్‌లో నిమిషాలు దొరికేలా ఏ నియమం తెస్తారు? అండర్-17, అండర్-20, అండర్-23 కోచ్‌లు ఆయన ఆట తీరుకు తగ్గట్టు పనిచేస్తారా లేదా అన్నది మొదటి ప్రశ్నలోనే వస్తుంది.

వీటికి రాతపూర్వకంగా జవాబు దొరికితే, బెంచీ మీద కూర్చున్నది మలయాళీ అయినా, క్రొయేషియన్ అయినా నాలుగేళ్లు ఓపిక పట్టడానికి అభిమానులకు ఒక కారణం ఉంటుంది, నాలుగేళ్ల తర్వాత లెక్క అడగడానికి ఒక కొలత ఉంటుంది. జవాబు దొరక్కపోతే ఖాలిద్ తర్వాత వచ్చేవారికి కూడా ఏడాదిన్నరకు మించి గడువు చిక్కదు, ఆ తర్వాత మళ్లీ ప్రకటన, మళ్లీ వందల దరఖాస్తులు తప్పవు.